ఎర్ర త్రికోణం, ఎలుక లెక్క

పల్నాడులో మా ఇంటి గొడ్లచావిట్లో, దూలాల మధ్య అడ్డంగా వేసిన చెక్క మీద పురుగుమందు డబ్బాలు ఉండేవి. పిల్లలకి అందకూడదని నాన్న అంత ఎత్తున పెట్టేవాడు. అందకపోతే ఏం, కనపడతాయిగా. నేనూ తమ్ముడూ కింద నిలబడి మెడలు వెనక్కి వాల్చి ఆ డబ్బాల మీది బొమ్మలు చూసేవాళ్ళం. మూల మీద నిలబెట్టిన చదరం, దాన్ని అడ్డంగా కోస్తే రెండు త్రికోణాలు, పైదాంట్లో పుర్రె, ఎముకలు, విషం అన్న మాట, కిందదాంట్లో రంగు. ఎర్రది కనపడితే తమ్ముడు "అదిగో ఎండ్రిన్" అనేవాడు. అది ఎండ్రిన్ కాదు, మోనో, అంటే మోనోక్రోటోఫాస్. కానీ మా వైపు మనిషిని చంపే పురుగుమందు ఏదైనా ఎండ్రినే. అసలు ఎండ్రిన్‌ని దేశంలో నిషేధించి 30 ఏళ్ళు దాటింది. మందు పోయింది, మాట మిగిలింది.

ఆ రంగు ఎవరు వేస్తారు, దేన్నిబట్టి వేస్తారు అన్నది నాకు ఎమ్మెస్సీ అయ్యి ఉద్యోగంలో చేరాక తెలిసింది. హైదరాబాద్ శివార్లలో ఒక ల్యాబు, కంపెనీలు తమ మందుల్ని రిజిస్ట్రేషన్ కోసం పరీక్ష చేయించుకునే చోటు. రెండున్నరేళ్ళు చేశాను. ఎలుకలకి ముందురోజు రాత్రి మేత తీసేస్తాం. పొద్దున్నే తూకం వేసి, తోక మీద గుర్తు పెట్టి, మొన మొద్దుగా ఉండే గొట్టం గొంతులోంచి కడుపులోకి దించి మందు పోస్తాం. ఒక్కో మోతాదుకి మూడు ఆడ ఎలుకలు. మొదటి అరగంట పక్కకి కదలకూడదు, తర్వాత నాలుగు గంటలు గమనించాలి, ఆపైన 14 రోజులు రోజూ చూడాలి. ఫారంలో గడులుంటాయి: వణుకు, చొంగ, కంట నీరు, రోమాలు నిక్కబొడుచుకోవడం, మూర్ఛ, చావు. టిక్కు పెట్టుకుంటూ పోవడమే.

ఆ గడుల్లో సగం నేను పదకొండేళ్ళకే చూశాను, ఫారం లేకుండా. పత్తికి పచ్చపురుగు విపరీతంగా పట్టిన ఏడు, మా బాబాయి రోజంతా మందు కొట్టి సాయంత్రం బావి దగ్గర కూర్చుని లేవలేకపోయాడు. నోటి నుంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప సూదిమొనంత. ఆసుపత్రిలో అట్రోపిన్ అనే విరుగుడు ఎక్కిస్తూ, కంటిపాప పెద్దదయ్యేదాకా మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్నారు. బతికాడు. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక ఎలుక సరిగ్గా అలాగే వణుకుతుంటే నాకు బావి గట్టు గుర్తొచ్చింది, బయటికెళ్ళి నీళ్ళు తాగి వచ్చి టిక్కు పెట్టాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పురుగుమందుల్ని జంతువుల మీద పరీక్షించడం ఆపాలి అనగానే మన దగ్గర రెండే రకాల మాటలు వినపడతాయి. ఒకటి, పాపం మూగజీవాలు అనే మాట. రెండోది, మనుషులే చస్తుంటే ఎలుకల గోల ఏంటి అనే మాట. రెండో మాట అనేవాళ్ళు తమని తాము రైతు పక్షం అనుకుంటారు. నేను రైతు కూతుర్నే, ఎలుకలకి మందు పోసినదాన్నే, నా ఉద్దేశంలో జంతువులు లేకుండా చేసే కొత్త పరీక్షలు కావాలని ముందు గట్టిగా అడగాల్సింది జంతుప్రేమికులు కాదు, మందు కొట్టేవాళ్ళు. అయితే ఒక షరతు ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు ఆ రంగు సంగతి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం, ఎలుకలాంటి ప్రయోగ జంతువు నోట్లో మందు పోసినప్పుడు సగం జంతువులు చచ్చే మోతాదు ఎంతో చూస్తారు. ఒంటి బరువు కిలోకి 1 నుంచి 50 మిల్లీగ్రాముల్లోపు అయితే ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చర్మం మీద పూస్తే చచ్చే మోతాదుకి ఇంకో వరస అంకెలు. ఈ సగం చావు లెక్కని 1927లో ట్రెవన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పెట్టాడు, పురుగుమందుల కోసం కాదు. డిజిటాలిస్, ఇన్సులిన్ లాంటి మందులు ఒక్కో బ్యాచ్ ఒక్కో బలంతో వస్తుంటే వాటిని ఒకదానితో ఒకటి సరిచూసుకోవడానికి వాడిన కొలత అది, తూకంరాయి లాంటిది. దాన్ని తెచ్చి మనం రైతు ప్రాణానికి తూకంరాయి చేశాం.

మోనో విషయంలో ఆ రాయి అబద్ధం చెప్పలేదు. ఎర్ర త్రికోణం, పుర్రె, అంతా సరిగ్గానే ఉంది. ఎలుక ముందే చెప్పింది, వినేవాడు లేడు. కూరగాయల మీద వాడకూడదన్నారు, పత్తి మీద వాడనిచ్చారు. మా వైపు పత్తి మొక్క లేతగా ఉన్నప్పుడు ఒక పాలు మోనో, నాలుగు పాళ్ళు నీళ్ళు కలిపి కుంచెతో కాండానికి పూసేవాళ్ళు, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళది, చేతికి తొడుగు లేదు. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో ఉన్నది మోనోక్రోటోఫాసే. ఇంత జరిగినా మోనో చాలా ఏళ్ళు అమ్ముడుపోతూనే ఉంది. 2020 మేలో కేంద్రం 27 పురుగుమందుల్ని నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. మూడేళ్ళ తర్వాత పూర్తి నిషేధం దాకా వచ్చినవి ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి పరీక్షలు మారిస్తే అన్నీ మారిపోతాయని నేను చెప్పడం లేదు. విననివాడికి ఎలుక చెప్పినా ఒకటే, కంప్యూటర్ చెప్పినా ఒకటే.

కానీ గడ్డిమందు సంగతి వేరు. పారాక్వాట్. మిర్చి సాళ్ళ మధ్య, పత్తి సాళ్ళ మధ్య కలుపుకి కొట్టేది. ఎలుక లెక్కలో ఇది పసుపు గీతల మధ్య పడుతుంది, ఎరుపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని ఒక మోస్తరు ప్రమాదకరం అన్న రెండో తరగతిలోనే పెట్టింది. మరి మనిషిలో? ఒక్క గుక్క చాలు. విరుగుడు లేదు. మొదటి రోజు మనిషి లేచి కూర్చుని మాట్లాడతాడు, ఇంటికి పోతానంటాడు, నాలుగైదు రోజులు గడిచేసరికి ఊపిరి అందదు. ఎందుకంటే ఊపిరితిత్తుల కణాలు తమకి కావలసిన వేరే పదార్థాలు అనుకుని ఈ మందుని పిలిచి మరీ లోపలికి లాక్కుంటాయి, అక్కడ అది పోగుపడి కణాల్ని కాలుస్తూ ఉంటుంది. గడ్డిమందు కేసు అనగానే డాక్టర్లు ఇంట్లోవాళ్ళని పక్కకి పిలిచే తీరు మా వైపు అందరికీ తెలుసు. యూరప్‌లో 2007లోనే దీన్ని ఆపేశారు. ఎర్ర డబ్బా కాదు కదా అని అటక మీద కాకుండా తలుపు మూల పెట్టిన ఇళ్ళు నేను చూశాను. పసుపు రంగు అక్కడ అబద్ధం చెప్పింది. ఎలుక చెప్పగలిగింది ఎలుక సంగతే, దాని తప్పు లేదు.

ఇంకా పెద్ద చిక్కు ఏంటంటే ఆ రంగు చావు ఒక్కటే అడుగుతుంది. నోట్లో పోసుకుంటే చస్తావా. మా బాబాయి నోట్లో పోసుకోలేదు. ఆయన చొక్కా వీపు వైపు పంపులోంచి కారిన మందుకి తడిసింది, ఆ తడితోనే ఎండలో ఆరు గంటలు తిరిగాడు. తడి చొక్కా కింద చర్మంలోంచి ఎంత లోపలికి పోతుంది అన్నది వేరే ప్రశ్న, దానికి ఇప్పుడు ఎలుకే అక్కర్లేదు, ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం ముక్కని గాజు గది మీద బిగించి పైన మందు వేసి కింద ఎంత దిగిందో కొలిచే పద్ధతిని ఓఈసీడీ అనే ధనిక దేశాల కూటమి 2004లోనే ఒప్పుకుంది. ఎలుక చర్మం మనిషి చర్మం కంటే ఎక్కువ పీలుస్తుంది కాబట్టి ఆ లెక్క మనిషికి అచ్చంగా సరిపోదు, మనిషి చర్మం ఉండగా ఎలుక వీపు గొరగడం ఎందుకు?

జంతువుల పరీక్షే నికార్సైనది, మిగతావన్నీ కంపెనీల డ్రామా అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఒక పాత కథ చెబుతాను. అమెరికాలో ఇల్లినాయిలో ఇండస్ట్రియల్ బయోటెస్ట్ అని ఒక ల్యాబు ఉండేది. ఆ దేశంలో జరిగే విషపరీక్షల్లో మూడో వంతుకు పైగా అక్కడే జరిగేవని చెబుతారు. 1976లో ఆడ్రియన్ గ్రాస్ అనే ప్రభుత్వ పాథాలజిస్టు ఆ ల్యాబు ఇచ్చిన ఒక రిపోర్టు చదువుతూ, ఎలుకల ఆరోగ్యం మరీ ఇంత శుభ్రంగా ఉందేంటి అని అనుమానపడి వెళ్ళి చూశాడు. నీళ్ళ గొట్టాలు చెడిపోయి ఎప్పుడూ తడిగా ఉండే ఒక గదిని అక్కడి పనివాళ్ళే 'బురదగుంట' అని పిలుచుకునేవాళ్ళు. ఎలుకలు మందుతో కాదు, ఆ తడికి చచ్చేవి. చచ్చినవి కుళ్ళిపోతే పరీక్షించడానికి పనికిరాని స్థితి అని మూడక్షరాల పొడిమాట రాసేవాళ్ళు, వాటి స్థానంలో కొత్తవి పెట్టేవాళ్ళు, చెయ్యని పరీక్షలకి అంకెలు రాసేవాళ్ళు. 1983లో శిక్షలు పడ్డాయి. మంచి ప్రయోగశాల పద్ధతులు అని మేం ల్యాబులో ప్రతి పేజీ మీద తేదీ వేసి సంతకం పెట్టే నియమాలు చాలావరకు ఆ బురదగుంట లాంటి మోసాల్లోంచే పుట్టాయి. నా పాత బాసు కొత్తగా చేరినవాళ్ళకి ఈ కథ చెప్పి, పెన్సిల్‌తో రాస్తే చెయ్యి విరగ్గొడతా అనేవాడు.

ఇది మోసం. మోసం లేకుండా కూడా జరుగుతుంది. క్లోర్‌పైరిఫాస్ తీసుకోండి, ఇళ్ళలో చెదలకి కొట్టిస్తామే, అదే. కడుపులో ఉన్న బిడ్డ మెదడు మీద దీని ప్రభావం ఎంతో చూడటానికి 90ల చివర్లో కంపెనీ డబ్బుతో ఎలుకల మీద పరీక్ష జరిగింది. ప్రత్యేకమైన హాని ఏమీ లేదని తేల్చారు. 20 ఏళ్ళ తర్వాత, 2018లో, స్వీడన్ నుంచి ఆక్సెల్ మీ, క్రిస్టినా రూడెన్, డెన్మార్క్ నుంచి ఫిలిప్ గ్రాంజాన్ ఆ పాత ముడి అంకెలు సంపాదించి మళ్ళీ లెక్కలు వేస్తే, చిన్నమెదడు అనే భాగం పరిమాణంలో తేడా తక్కువ మోతాదులోనే కనిపించింది. అంకెలు మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. ఎలుకలు తమ పని తాము చేసి చచ్చాయి. ఆ అంకెల్ని బయటివాళ్ళు చూడటానికి 20 ఏళ్ళు పట్టింది. 2020 జనవరిలో యూరప్ ఆ మందుకి అనుమతి పొడిగించలేదు. 2025లో స్టాక్‌హోం ఒప్పందం దాన్ని మినహాయింపులతో నిషేధ జాబితాలో చేర్చింది. ఈలోపు ఎన్ని ఇళ్ళ పునాదుల్లో పోశామో.

ఇప్పుడు నా షరతు. ఎలుక స్థానంలో కణాలు పెట్టినా, అవయవంలా పనిచేసేలా కణాలు అమర్చిన చిప్పులు పెట్టినా, కంప్యూటర్ మోడల్ పెట్టినా, ముడి అంకెలు అందరికీ కనపడాలి. అది లేకపోతే ఎలుక పోయి గాజుపళ్ళెం వస్తుంది, బురదగుంట మాత్రం అలాగే ఉంటుంది. నిజానికి కంప్యూటర్ మోడల్‌లో దాచిపెట్టడం ఇంకా తేలిక, కనీసం ఎలుకకి వాసన వస్తుంది.

ఈ షరతుతో చూస్తే కొత్త పద్ధతుల్లో నాకు బాగా నచ్చిన ఉదాహరణ క్లోరోథలోనిల్. మనవాళ్ళు వేరుశనగలో తిక్క ఆకుమచ్చకి, టమాటాలో ఆకుమాడుకి కొట్టే తెగులు మందు. ఇది గాలిలో పీల్చినప్పుడు ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఎక్కడ తగిలితే అక్కడ మండిస్తుంది. మామూలుగా అయితే 90 రోజులు ఎలుకల్ని గొట్టాల్లో కూర్చోబెట్టి పీల్పించాలి. ఎలుక ముక్కుతో తప్ప పీల్చదు, దాని ముక్కు లోపల మెలికలు వేరు, దాని గొంతు సున్నితం వేరు. పంపు వీపున వేసుకుని రొప్పుతూ నోటితో గాలి పీల్చే మనిషికీ దానికీ పోలిక ఏముంది? అందుకని సింజెంటా కంపెనీ మనుషుల శ్వాసమార్గం నుంచి తీసిన కణాల్ని పెంచి, కింద పోషకద్రవం, పైన గాలి ఉండేలా పొరలా తయారుచేసిన కణజాలం మీద మందు వేసి ఎంత మోతాదుకి పాడవుతోందో చూసింది. మందు తుంపర ఏ సైజులో ఉంటే మనిషి శ్వాసనాళంలో ఎక్కడ ఎంత వాలుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టింది. రెండూ కలిపి అమెరికా పర్యావరణ సంస్థ ముందు పెడితే, ఆ సంస్థ 2018 డిసెంబర్‌లో బయటి శాస్త్రజ్ఞుల కమిటీని కూర్చోబెట్టి, కాగితాలన్నీ బహిరంగంగా పెట్టి చర్చించింది. నాకు నచ్చింది కణజాలం కంటే ఆ బహిరంగ చర్చ. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా తప్పు పట్టొచ్చు, పట్టారు కూడా. అన్నట్టు ఇదే మందుని యూరప్ 2019లో వేరే కారణాలతో, భూగర్భజలాల్లోకి దిగే దాని అవశేషాలు కూడా అందులో ఒకటి, పక్కన పెట్టింది. ఒక పరీక్ష బాగా చెయ్యడం వేరు, మందు మంచిది కావడం వేరు, ఈ రెండూ కలిపేయకూడదు.

కుందేళ్ళ సంగతి కూడా చెప్పాలి. కంట్లో మందు వేసి ఎన్ని రోజులకి మానుతుందో చూసే పరీక్ష 1944 నాటిది, డ్రేజ్ అనే ఆయన పేరుతో. నేను ఒకే ఒక్కసారి పట్టుకున్నాను. కుందేలు చప్పుడు చెయ్యదు, అదే కష్టం. ఇప్పుడు కబేళాలో కోసిన పశువుల కళ్ళ నుంచి పైపొర తీసి దాని మీద మందు వేసి మసకబారిందా లేదా అని వెలుతురు పంపి కొలుస్తారు, 2009 నుంచి ఓఈసీడీ మార్గదర్శకాల్లో ఉంది. ఎలాగూ పారేసే కన్ను. చర్మానికి ఎలర్జీ వస్తుందా అన్నదానికైతే 2021లో ఏకంగా జంతువు అవసరం లేని మూడు పరీక్షల్ని కలిపి తీర్పు చెప్పే పద్ధతి వచ్చింది. ఇవి ఇంక వాదించాల్సినవి కావు, వాడాల్సినవి.

ఇబ్బంది ఎక్కడుందో కూడా దాచను, ఎందుకంటే ఈ మధ్య కొందరు రేపటినుంచే ఎలుకలన్నీ బంద్ అన్నట్టు మాట్లాడుతున్నారు. డబ్బాలో ఉన్న మందు ఒకటి, కాలేయం దాటాక ఒంట్లో తిరిగేది ఇంకొకటి. క్లోర్‌పైరిఫాస్, మలాథియాన్, పారాథియాన్, వీటన్నిటినీ అసలు విషంగా మార్చేది మన కాలేయమే. పారాథియాన్ గోధుమల మీద ఒలికి 1958లో కేరళలో వందమందికి పైగా చనిపోతే, దాని నుంచే 1968 పురుగుమందుల చట్టం వచ్చింది. ఇప్పుడు కాలేయం ఊసు లేని నరాల కణాల మీద అదే పారాథియాన్ వేసి చూశారనుకోండి, పెద్దగా ఏమీ కాలేదు అనే జవాబు రావచ్చు. అలాంటి జవాబుతో ఆకుపచ్చ రంగు కొట్టించుకోవాలని చూసేవాళ్ళు లేకుండా ఉండరు. కాలేయ కణాలు కూడా కలిపి చేసే పద్ధతులు ఉన్నాయి, కానీ కలపమని నియమం రాసేవాడికి ఆ సంగతి తెలిసి ఉండాలి. రెండేళ్ళు, మూడేళ్ళు తక్కువ మోతాదులో ఒంట్లో పేరుకుంటే వచ్చే జబ్బుకి, క్యాన్సర్‌కి, పుట్టబోయే బిడ్డకి, ఇంకా పూర్తి జవాబు కణాల్లో లేదు. అలాగని అక్కడ జంతువులు గొప్ప జవాబు ఇస్తున్నాయా అంటే క్లోర్‌పైరిఫాస్ కథ ఇప్పుడే చెప్పుకున్నాం.

అమెరికాలో 2019లో పర్యావరణ సంస్థ అధిపతి, 2035 నాటికి క్షీరదాల మీద పరీక్షలు అడగడం ఆపేస్తాం అని ఉత్తర్వు ఇచ్చాడు. తర్వాతి ప్రభుత్వం వచ్చాక ఆ గడువుల్ని ప్రణాళికలోంచి తీసేశారు. గడువులు పెట్టడం తీసేయడం రాజకీయం. దానికంటే అదే సంస్థ 2016లో చేసిన చిన్న పని అంటే నాకు ఎక్కువ గౌరవం. వందలాది మందులకి నోటి పరీక్ష, చర్మం పరీక్ష రెండిటి పాత ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, దాదాపు అన్నిటికీ నోటి పరీక్ష చర్మం పరీక్ష ఇచ్చిన తరగతినో, అంతకన్నా కఠినమైనదో ఇచ్చిందని తేలింది. ఇక చర్మం మీద పూసి చంపే పరీక్ష నుంచి మినహాయింపు ఇవ్వడం మొదలుపెట్టారు. ఎవరి భద్రతా తగ్గలేదు, ఎలుకలు మిగిలాయి. చేతిలో ఉన్న అంకెలు చదివితే వచ్చిన ఫలితం అది.

ఇక మన దగ్గరికి వద్దాం. 2014లో మన దేశం సౌందర్య సాధనాల్ని జంతువుల మీద పరీక్షించడం నిషేధించింది, అలా పరీక్షించిన వాటి దిగుమతిని కూడా. 2023లో కొత్త ఔషధాల నిబంధనలు సవరించి మనిషి కణాలు, అవయవ చిప్పుల లాంటి పద్ధతుల్ని ఒప్పుకుంది. పురుగుమందులకి మాత్రం 1968 చట్టం, 1971 నిబంధనలు. 2020లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. లిప్‌స్టిక్‌కి దొరికిన శ్రద్ధ మిర్చి మందుకి దొరకలేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ పరిశోధనా సంస్థ ఆవరణలోని ఇంక్యుబేషన్ సెంటర్‌లో మనిషి కణాల ఆధారంగా పరీక్షలు అభివృద్ధి చేసే కేంద్రం ఉంది. అదే నగరానికి ఉత్తరాన జీనోమ్ వ్యాలీలో ప్రయోగ జంతువుల కోసం ఐసీఎంఆర్ కట్టిన పెద్ద కేంద్రమూ ఉంది. మధ్యలో నాలాంటి వాళ్ళు ఉద్యోగాలు చేసిన కాంట్రాక్టు ల్యాబులు. 2011 నుంచి మన ల్యాబులు నియమాల ప్రకారం చేసిన పరీక్షల్ని ఓఈసీడీ దేశాలన్నీ ఒప్పుకుంటున్నాయి, అంటే యూరప్ వాడు అడిగే కాగితం కోసం కూడా ఎలుక ఇక్కడ చస్తుంది, రేపు యూరప్ వాడు కణాల పరీక్ష అడిగితే అది కూడా ఇక్కడే చేస్తారు, చేసే చేతులు ఇక్కడ ఉన్నాయి. మనవాళ్ళు మనకోసం అడగడమే మిగిలింది.

మనకోసం ఏం అడగాలో నాకు 2021-22 మిర్చి సీజన్‌లో అర్థమైంది. నల్ల తామర పురుగు వచ్చి గుంటూరు, పల్నాడు, ఖమ్మం చేలల్లో పూత మాడ్చేసిన ఏడాది. ఏం కొట్టినా పోలేదు. అప్పుడు ఎకరానికి ఎన్ని సార్లు కొట్టారో ఎవరూ లెక్కపెట్టలేదు గానీ, ఒక్క మందు కొట్టినవాడు మాత్రం లేడు. డీలర్ చెప్పిన రెండు, పక్క చేను వాడు చెప్పిన మూడోది, ఏం ఉందో లేబుల్ మీద రాయని 'బయో' సీసా ఒకటి, అన్నీ ఒకే డ్రమ్ములో. ల్యాబులో మేం పరీక్షించింది ఎప్పుడూ ఒక్కో మందునే. చేలో ఎవరూ ఒక్కో మందుని పీల్చరు. సరే, ఎలుకలతో కలగలుపులు పరీక్షిద్దాం అనుకోండి. మా మండలంలో షాపుల్లో మిర్చికి ఓ 30 మందులు దొరుకుతాయనుకుంటే, రెండేసి కలిపితే 435 జోడీలు, మూడేసి కలిపితే 4060. ఒక్కోదానికి రెండు మూడు మోతాదులు. ఏ ల్యాబులోనూ అన్ని బోన్లు లేవు, ఉండకూడదు కూడా. కానీ అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక మీద 384 గుంటలుంటాయి, ఒక్కో గుంటలో మనిషి కాలేయ కణాలో నరాల కణాలో. అమెరికాలో టాక్స్21 అనే ప్రభుత్వ కార్యక్రమం రోబోలతో దాదాపు 10,000 రసాయనాల్ని ఇలాగే పరీక్షించింది, అక్కడి పలకకి 1536 గుంటలు. గుంటూరు యార్డుకి వచ్చే మిర్చి మీద ఏ కలగలుపులు కొట్టారో డీలర్లని అడిగితే ఒక్క సీజన్‌లో జాబితా వస్తుంది. ఆ జాబితా పలక మీద పెట్టండి. వాటిలో ఏవి కలిస్తే ఒకదాని విషాన్ని ఇంకొకటి పెంచుతోందో మొదటి వడపోత అక్కడ అయిపోతుంది. ఎలుక ఎప్పటికీ చెయ్యలేని పని ఇది, రైతుకి అన్నిటికన్నా అవసరమైన పని కూడా ఇదే.

దాంతోపాటు ఇంకోటి, ఏ కొత్త శాస్త్రమూ అక్కర్లేనిది. కాలిఫోర్నియాలో 1974 నుంచి మోనో, క్లోర్‌పైరిఫాస్ లాంటి రకం పురుగుమందులు కొట్టే పనివాళ్ళ రక్తంలో, ఆ మందులు దెబ్బతీసే కోలినెస్టెరేస్ అనే ఎంజైమ్ ఎంత ఉందో ఎప్పటికప్పుడు పరీక్షించాలని నియమం ఉంది, తగ్గితే పని నుంచి పక్కకి తప్పించాలి. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయినప్పుడు ఆ రక్తపరీక్ష ముందే చేసే ఏర్పాటు ఉంటే? మనిషి మీద పరీక్ష చెయ్యకూడదు అని నీతులు చెబుతాం గానీ, మనం చేస్తున్నది అదే, నోటుబుక్కు లేకుండా, టిక్కు పెట్టేవాళ్ళు లేకుండా.

పోయిన వారం నాన్న ఫోన్ చేశాడు. "అమ్మాయ్, పేర్లు చెబుతా రాసుకో, మిరపకి, కలపొచ్చో లేదో చూసి చెప్పు" అన్నాడు. మూడు పేర్లు. రాత్రి కూర్చుని వెతికాను, ఒక్కోదానికీ బోలెడంత దొరికింది, ఎలుక అంకెలు, కుందేలు అంకెలు, చేపల అంకెలు. మూడూ కలిస్తే ఏమవుతుందో ఎక్కడా ఒక్క ముక్క లేదు. పొద్దున్నే చేసి, "కలపొద్దు నాన్నా, వారం ఎడంతో విడివిడిగా కొట్టించు" అన్నాను.

"నిన్న సాయంత్రమే కొట్టించేశాం" అన్నాడు.

"ఎవరు కొట్టారు?"

"కూలికొచ్చిన కుర్రాడు. మూతికి తువ్వాలు కట్టుకున్నాడులే."

ఆ తువ్వాలు ఇంట్లో గుడ్డలతో కలపకుండా విడిగా సబ్బు పెట్టి ఉతకమని చెప్పమన్నాను. అదే తువ్వాలు మళ్ళీ కట్టుకుని ఇవాళ పక్క చేలోకి వెళ్ళాడట.